కొత్త రాజ్యాంగం మీద ఆమె చెప్పని మాట

చర్చ అంటే ఏందని ఇప్పటి పిల్లల్ని అడిగితే టీవీ చూపిస్తరు. నలుగురు నాలుగు డబ్బాలల్ల కూసొని ఒక్కపారే ఒర్రుతుంటరు, నడుమ ఒకాయన వాళ్ళకంటే పెద్దగ ఒర్రుతుంటడు. నేను కూడా ఆ బాపతు పనే చేసి పింఛన్ తీసుకుంటున్న, కాబట్టి తిట్టే హక్కు నాకున్నది. రేడియోల ఉద్యోగమంతా చర్చలు చేయించిన. ఎరువుల మీద, మిర్చి తెగుళ్ళ మీద, ఆడపిల్లల చదువు మీద, ఆఖరికి దోమల మీద గూడ. కానీ అసలైన చర్చ నేను ఒక్కటే చూసిన. అది ఇప్పటికీ అయిపోలేదు. రేడియోలకు కొత్తగ వచ్చే మీ అసొంటోళ్ళకు దాని గురించి చెప్పాలె. చర్చ కోసం కంటే, దాన్ని నడిపిన పిల్ల కోసం చెప్పాలె. 

మా స్టేషన్ చిన్నది. కొత్తగూడెం దాటి భద్రాచలం దిక్కు పోతుంటే అడవి మొదలయ్యే కాడ ఉండేది. మాది వైరా. సోమవారం పొద్దుగాల తల్లాడ మీదుగ బస్సు పట్టుకొని పోతే మళ్ళ శనివారమే ఇంటికి. నా పని ప్రోగ్రాంలు చేయించుడు. నాతోని క్యాజువల్ అనౌన్సర్‌గ ఒక కోయ పిల్ల ఉండేది. పిల్ల అంటున్న గానీ ముప్పై దాటినయ్. పిలిచిననాడు డ్యూటీ, పిలవనినాడు లేదు. పొద్దుగాల రైతుల కార్యక్రమం ఆమెనే చదివేది, తెలుగుల. అనౌన్సర్లు గొంతును పసిపిల్లను చూసుకున్నట్టు చూసుకుంటరు గదా, ఈమె మాత్రం స్టూడియోలకు పోయే ముందట ఉప్పు అద్దుకొని చింతకాయ తినేది.

"గొంతు పోతదే" అంటే, "పోతే నీ గొంతు కిరాయికి తీసుకుంట అక్కా" అనేది.

ఒకనాడు క్యాంటీన్ల కూసున్నప్పుడు అన్నది. "అక్కా, మా అమ్మకు తెలుగు రాదు. రోజూ పొద్దుగాల రేడియో ముందల పీట ఏసుకొని కూసుంటది. నా గొంతు వింటది, నేనేం చెప్తున్ననో తెల్వది. మొన్న వరికి పురుగుమందు సంగతి చదివిన గదా? ఇంటికి పోతే, 'పొద్దుగాల ఎవరి మీదనో కోపంగ ఉన్నవు, ఏమైంది బిడ్డా' అని అడిగింది."

ఇద్దరం పడి పడి నవ్వినం. నవ్వు ఆగినంక ఆ పిల్ల "ఒక్కపారి మా అమ్మకు అర్థమయ్యేటట్టు రేడియోల మాట్లాడాలె అక్కా" అన్నది. ఆమెకు కావాల్సింది అదొక్కటే. వారానికి అరగంట, కోయ భాషల. ఏండ్లసంది మా స్టేషన్ పెద్ద సార్‌ను అడుగుతనే ఉన్నది. సార్ చెడ్డోడు కాదు గానీ ఫైలంటే భయం. "పైనోళ్ళు అడుగుతరమ్మా, ఎవరు వింటరు, దాంట్ల ఏం చెప్తరు అని. నేనేం చెప్పాలె" అనేటోడు.

గప్పుడే దేశానికి కొత్త రాజ్యాంగం రాసుకోవాలని ఒక మాట లేచింది. కొందరు రాయాల్సిందే అన్నరు, కొందరు ఉన్నదాన్ని ముట్టుకుంటే ఊరుకోమన్నరు. కొత్తగూడెంల బొగ్గుబాయి క్వార్టర్ల కాడ, తల్లాడ బస్టాండ్ల, వైరాల మా చర్చి గేటు బయట, యాడ చూసినా అదే ముచ్చట. పాస్టర్ గారు ఆమెన్ అనుడే ఆలస్యం, మగోళ్ళంతా బయటికొచ్చి రాజ్యాంగం మీద పడేటోళ్ళు. దాంట్ల ఏమున్నదో చదివినోడు ఒక్కడన్న ఉన్నడా అంటే అనుమానమే. నేనూ చదవలేదనుకోండి.

సార్ మమ్మల్ని పిలిచి దీని మీద జనంతోని ఒక చర్చ చేయాలన్నరు. ఆ పిల్ల టక్కున అందుకున్నది.

"మా ఊళ్ళె చేద్దాం సార్. మావోళ్ళను మా భాషలనే మాట్లాడనియ్యుండ్రి. నేను ఎంబడెంబడే తెలుగుల చెప్త."

సార్ పెన్ను తిప్పిన్రు. "సరే. గానీ అరగంటల ముగియాలె. కావాలనేటోళ్ళు ఒక దిక్కు, వద్దనేటోళ్ళు ఒక దిక్కు, ఆఖరికి చేతులు లేపుడు, ఫలితం. గట్ల సాఫ్‌గ వస్తే నీ కోయ ప్రోగ్రాం కోసం నేనే పైకి రాస్త. రాకుంటే మాత్రం మళ్ళ నన్ను అడగొద్దు" అన్నరు.

బయటికి రాంగనే ఆమె నా చెయ్యి పట్టుకొని గుంజింది. "అక్కా, మంచిగ చేయాలె. నువ్వేం జేస్తవో నాకు తెల్వదు." దేశానికి ఏ రాజ్యాంగం కావాల్నో దేశం చూసుకుంటది, మాకు మాత్రం ఆ అరగంట కావాలె.

రికార్డింగు ఆదివారం పెట్టుకున్నం. "ప్రార్థన ఎగ్గొట్టి అడవిల ఏం రాజ్యాంగమే నీకు" అని మా అత్త ఫోన్ల గులిగింది. జీపుల నేను, ఆ పిల్ల, డ్రైవర్. తోవంతా ఆమె చింతకాయ తినుకుంటనే ఉన్నది. నాకు ఎవరెవరు ఎట్ల మాట్లాడుతరో ముందే చెప్పి నవ్వించింది. "మా ఊరి పెద్ద ఒక మాట మొదలుపెడితే నువ్వు ఛాయ్ తాగి రావొచ్చు. డిగ్రీ పిలగాడు ఒకడున్నడు, వాడు లేచి నిలబడి మాట్లాడుతడు, మైకు కింద పెట్టకు" అన్నది. అసలు చెప్పాల్సిన ముచ్చట ఒక్కటి మాత్రం చెప్పలేదు.

బడి ముందల రేకుల పందిరి కింద జనం అప్పటికే చేరిన్రు. నేను పోయి మా సార్ చెప్పినట్టే చేసిన. రెండు చాపలు ఎదురెదురుగ పరిపించిన, నడుమ మైకు పెట్టిన. కొత్తది కావాలనేటోళ్ళు ఈ చాప మీద, పాతది చాలనేటోళ్ళు ఆ చాప మీద కూసోవాలె అన్న. ఆమె నా మాటను కోయల చెప్పింది.  ఒక్కరూ కదలలే. ఆడోళ్ళు ఒకరి మొఖం ఒకరు చూసుకుంటున్నరు. ఊరి పెద్ద ముందుకొచ్చి ఏందో అడిగిండు. ఈ పిల్ల మూతికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుతున్నది.

"ఏమంటుండు?"

"ఎవరు ఎవర్ని ఇడిసిపెడుతున్నరు అని అడుగుతుండు అక్కా."

"ఇడిసిపెట్టుడేంది?"

"మా ఊళ్ళె గిట్ల రెండు దిక్కుల ఎదురెదురుగ కూసునేది ఒక్కప్పుడే. ఆలుమగలు విడిపోయే పంచాయితీల."

నాకు నెత్తి మీద నీళ్ళు గుమ్మరించినట్టయింది. "ముందే చెప్పొద్దానే!" అంటే, "చెప్తే వింటవా? సార్ చెప్పిండు గదా అంటవు" అన్నది. నిజమే, అంటుంటి. డ్రైవరైతే జీపుకు ఆనుకొని కడుపు పట్టుకొని నవ్విండు. ఇగ చాపలు కలిపి పరిచినం, అందరూ గుండ్రంగ కూసున్నరు. నన్ను కూడా నడుమల కూసోబెట్టుకొని చెంబుతోని నీళ్ళిచ్చిన్రు. ఆ ఊరి పద్ధతి ఆమె అప్పుడు చెప్పింది. కూసొని నీళ్ళు తాగిన ప్రతి ఒక్కరూ తమ మాట చెప్పాలె. ఒక్కరి మాట మిగిలినా పంచాయితీ అయినట్టు కాదు, మళ్ళొకనాడు కూసోవాలె. అరగంటల ఫలితం అన్న మా సార్ మొఖం నా కండ్ల ముందట కదిలింది.

మైకుకు గాలి తగలకుండ రుమాలు చుట్టి, ఒక కోడిని ఎల్లగొట్టి, రికార్డింగు మొదలుపెట్టినం. డిగ్రీ పిలగాడు ముందుగాల్నే లేచిండు. ఆమె చెప్పినట్టే నిలబడిండు, నేను మైకు ఎత్తి పట్టుకున్న.

"కొత్తది కావాలె. మన భూములు వేరేటోళ్ళ చేతికి పోవద్దని పాతదాంట్ల కాపలా ఉన్నదంటరు. కాపలా ఏడున్నది? రోడ్డు పక్కన దుకాణాలు మన పేర్ల మీద ఎవరు నడుపుతున్నరో ఇక్కడ అందరికీ తెలుసు. రాసింది పని చేయకుంటే వేరే రాసుకోవాలె" అన్నడు.

కొందరు తల ఊపిన్రు. అప్పుడు ఒక అవ్వ గొంతు సవరించుకున్నది. బక్కమనిషి, తెల్ల జుట్టు, మైకు దిక్కే చూడలే. ఈ పిల్ల నా చెవుల "మా అమ్మ" అన్నది. అవ్వ ఒక్కో ముక్క చెప్తుంటే బిడ్డ తెలుగుల చెప్పుకుంట వచ్చింది.

"మొన్న సర్వేకు వచ్చినోళ్ళు నా చేను హద్దు రాయి పాతగైందని పీకిండ్రు. కొత్తది పాతుతమన్నరు. పీకుడైతే ఒక్క పూటల అయింది. కొత్తది ఇంకా రాలే. ఈ నడుమ పక్క చేనోడు నాగలి లోపలికి తోసిండు. అడిగితే, రాయేదీ అంటడు. ఆ పాత రాయి సక్కగ లేదని నాకూ తెలుసు. గానీ కొత్తది నా కండ్ల ముందల కనబడేదాక ఇంకో రాయిని పీకనియ్య."

బిడ్డ "నా చేను" అని తల్లి మాటను చెప్తున్నప్పుడు తన మాటే చెప్తున్నట్టున్నది. చేను ఆమెది కూడా గదా.

పిలగాడు ఊకోలే. "ఆ పాత రాయి కూడా మనం పాతింది కాదు గదా పెద్దమ్మా. అది పాతిననాడు మనల్ని ఎవరు పిలిచిండ్రు?"

నిజమే బిడ్డా అన్నట్టు అవ్వ తల ఊపింది.  ఒళ్ళె పిల్లను పడుకోబెట్టుకున్న ఒక తల్లి, "కొత్తది రాస్తే ఏడ కూసొని రాస్తరు? గీడికి వస్తరా, మనల్ని రమ్మంటరా? నన్ను రమ్మంటే దీన్ని ఎవరు చూస్తరు?" అన్నది. అందరూ నవ్విన్రు. ఆమె మాత్రం నవ్వలే, నిజంగనే అడిగింది.  ఇగ అక్కడి నుంచి ముచ్చట కొత్తదా పాతదా అన్నకాడ ఆగలే. రాసేకాడ ఎవరుండాలె, మనల్ని పిలవకుంటే ఏం చేయాలె, పిలిస్తే ఎవరు పోవాలె అనే దిక్కు పోయింది. ఆ పిలగాడి పేరు ఒకరు చెప్తే, వాడు లేచి నిలబడి మాట్లాడుతడు, ఢిల్లీల కుర్చీలు ఎందుకు వానికి అని ఇంకొకరు.

ఎండ పందిరి కిందికి జరిగింది. నేను గడియారం చూపెట్టి సైగ చేస్తున్న, ఆమె నన్ను చూడనట్టే ఉన్నది. ఆఖరికి నేనే అన్న, ఇగ చేతులు లేపుదాం అని. ఊరి పెద్దకు మింగుడు పడలే. "తక్కువ చేతులు లేచినోళ్ళు ఏమైతరు?" అన్నడు. ఏమీ కారు, ఓడిపోతరు అన్న. "ఓడిపోయి ఏడికి పోతరు? సాయంత్రం మళ్ళ అదే బోరింగు కాడికి నీళ్ళకు రావాలె గదా" అన్నడు. నాకు మండింది. నాకే కాదు, డిగ్రీ పిలగానికి కూడా. "గిట్ల కూసొని కూసొనే కుంట కట్ట మాట మా తాత పోయేదాక తేల్చలే మీరు" అన్నడు. అది కూడా నిజమేనట, పెద్ద తల కిందికి ఏసుకున్నడు.

అయినా పద్ధతి పద్ధతే. పెద్ద వరుసగ అడుగుకుంట వచ్చిండు. నీ మాట? నీ మాట? తిరిగి తిరిగి నా కాడికి వచ్చింది. నేను డ్యూటీల ఉన్న, నా మాట చెప్పరాదు అన్న. "అట్లయితే డ్యూటీ అయిపోయినంక చెప్పు" అన్నడు. ఆఖరుకు అవ్వ బిడ్డ దిక్కు తిరిగింది. "అందరి మాటా చెప్పినవు. నీ మాట ఏంది?"

ఆ పిల్ల గతుక్కుమన్నది. పొద్దుగాల నుంచి అందరి మాట మోసుకుంట తన మాటొకటి ఉంటదని మరిచినట్టున్నది. నవ్వింది. "మళ్ళొచ్చినప్పుడు చెప్త" అన్నది. పెద్ద సరే అన్నడు. పంచాయితీ అయిపోలే.

జీపుల వచ్చేటప్పుడు ఆమె చింతకాయ ముట్టలే. "పోయింది గదా అక్కా" అన్నది. పోయిందనే నేనూ అనుకున్న.

తెల్లారి సార్ ముందల టేపు పెట్టినం. టేపుల లేని చాపల ముచ్చట నోటితోని చెప్తే సార్ పకపక నవ్విండు. హద్దు రాయి కాడ నవ్వలే. పిల్లతల్లి అడిగిన కాడ కుర్చీల ముందుకు జరిగిండు. అంతా విని, "ఫలితం ఏదమ్మా?" అన్నడు.

"ఇంకా కాలే సార్. ఇది మొదటి భాగం" అన్నది ఆ పిల్ల, సార్ మొఖంలకే చూసుకుంట. నేను బిత్తరపోయిన. గట్లంటదని నాకేం తెలుసు.

"మిగిలింది ఎప్పుడు?"

"వారం వారం సార్. అయిపోయేదాక."

సార్ ఆమెను చూసి, నన్ను చూసి, కాయితం గుంజుకొని రాసిండు. కోయ భాషల వారానికి అరగంట, చర్చ ముగిసే వరకు అని. ఏ చర్చయినా ఒకనాడు ముగుస్తది గదా అని పైనోళ్ళు కూడా సంతకం పెట్టిన్రు. వాళ్ళకు ఆ ఊరి పద్ధతి తెల్వదు. బయటికి వచ్చినంక మేమిద్దరం వరండాల ఎగిరినం. నా వయసుకు ఎగరొద్దు, అయినా ఎగిరిన.

మొదటిసారి ప్రోగ్రాం వచ్చిననాడు ఆమె ఇంటికి పోయి వచ్చి నాకు చెప్పింది. అవ్వ పీట మీద కూసొని అంతా విన్నదట. అయిపోయినంక, "ఇయ్యాల కోపంగ లేవు బిడ్డా" అన్నదట. చెప్పుకుంట చెప్పుకుంట కండ్లు తుడుచుకున్నది. నాకూ ఆగలే.

తర్వాత మేము తిరగని ఊరు లేదు. ఒక ఊళ్ళె మిగిలిన మాట ఇంకో ఊళ్ళె అందుకునేటోళ్ళు. దేశంల ఆ రాజ్యాంగం ముచ్చట చల్లబడ్డది, పేపర్లు మరిచినయ్, మా చర్చి గేటు కాడ మగోళ్ళు క్రికెట్ మీదికి పోయిన్రు. అడవిల మాత్రం నడుస్తనే ఉన్నది. నేను ఒకటి రెండుసార్లు జీపుల అడిగిన, నీ మాట ఏందే అని.

"నేను చెప్తే నువ్వూ చెప్తవు, అయిపోతది గదా అక్కా. అయిపోతే ప్రోగ్రాం బంద్. నీకు చెప్పినా అంతే, నీ కడుపుల మాట దాగదు" అనేది. నేను కూడా నవ్వి ఊకునేదాన్ని. ఏముంది, రేపు చెప్తది, ఎల్లుండి చెప్తది అనుకున్న.

ఒక వానాకాలం ఆమెకు జ్వరం వచ్చింది. భద్రాచలం దవాఖానాకు తీసుకపోయిన్రు. నేను పోయేసరికి గొంతు పోయింది. "చింతకాయ" అని చెయ్యితోని సైగ చేసి నవ్వింది. అదే ఆఖరు. ఇంతకంటే రాయను, నాకు చేతకాదు.

ఇప్పుడు వైరాల పొద్దుగాల లేస్తే చేయి రేడియో మీదికే పోతది. మా స్టేషన్ ఇక్కడికి సక్కగ అందదు, గరగరమంటది. అయినా పెట్టుకుంట. కోయ ప్రోగ్రాం ఇంకా నడుస్తున్నది, వేరే పిల్ల చేస్తున్నది, మంచిగనే చేస్తున్నది. ఆ పిల్లను నేనేమీ అననుగానీ, మైకు ముందల మాట మొదలుపెట్టే ముందట ఒక్క నవ్వు నవ్వేది గదా మా పిల్ల, ఆ నవ్వు కోసం నా చెవులు ఎదురుచూస్తయ్. తిరిగిన అడవి తోవలు, ఆ జీపు, ఆ పులుపు వాసన, అన్నీ కావాలనిపిస్తది. ఉద్యోగం మళ్ళ ఇస్తమంటే వద్దంట. ఆ సీటు పక్కన ఆ పిల్ల ఉంటదంటే మాత్రం జీతం లేకున్నా పోత.

రిటైరైన ఏడాది ఆ ఊరికి పోయిన. అదే రేకుల పందిరి, నడుమ మైకు, కొత్త పిల్ల. ఊరి పెద్ద ఇంకా పెద్దగైండు. నన్ను చూసి జరిగి జాగ ఇచ్చిన్రు, చెంబుతోని నీళ్ళిచ్చిన్రు. అవ్వ పక్కన కూసున్న. ఆమె తెలుగు ముక్కలు, నా కోయ ముక్కలు, రెండూ కలిపితే ఒక మాట అయితది. నా మోకాలి మీద చెయ్యేసి అడిగింది.

"ఇన్నేండ్లు ఒక్క జీపుల తిరిగిండ్రు. నా బిడ్డ మాట ఏంది? కొత్తదా, పాతదా? నీకు చెప్పిందా?"

"చెప్పలే అవ్వా."

అవ్వ నా మొఖంలకు చూసింది. నేను దాస్తున్ననేమో అని చూసింది. కాదని తెలిసినంక చెయ్యి తీసుకోలే, గట్లనే ఉంచింది. నేను ఏడ్చిన. అందరి ముందల, మైకు ముందల ఏడ్చిన, ఆ కొత్త పిల్ల ఏం చేయాల్నో తెల్వక మెషీన్ బంద్ చేసింది.

జరసేపటికి పెద్ద నా దిక్కు తిరిగిండు. "నీ డ్యూటీ అయిపోయింది గదా. నీ మాట చెప్పు" అన్నడు.

నా మాట నాకున్నది. ఇన్ని ఊర్లు తిరిగి, ఇంతమందిని విని, నాకు ఒక మాట లేకుండ ఎట్ల ఉంటది? నోటిదాక వచ్చింది. అందరూ నన్నే చూస్తున్నరు, కొత్త పిల్ల మళ్ళ మెషీన్ పెట్టింది.

"మళ్ళొచ్చినప్పుడు చెప్త" అన్న.

పందిరి కింద ఎవరో నవ్విన్రు. అవ్వ నవ్వలే. నా మోకాలి మీది చెయ్యి జర బిగించింది.

"నా బిడ్డ గూడ గట్లనే అన్నది" అన్నది. "నువ్వన్న రా."